ఎలక్ట్రిక్ కారులోనూ ఫిల్టర్ ఉంటుంది, ఆ మాట కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఎలక్ట్రిక్ కార్ల మీద పేజీ మొత్తం వేశారు. చదివాను, బాగుంది, కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ కార్లకు ఆయిల్ మార్చే పని లేదు, ఫిల్టర్ల గొడవ లేదు అని రాశారు. మొదటి సగం దాదాపు నిజమే, రెండో సగం నిజం కాదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఫిల్టర్లు అమ్ముతున్నాను కాబట్టి నా వ్యాపారం కోసం చెప్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు, అనుకోనివ్వండి, విషయం మాత్రం వినండి.

పెట్రోలు, డీజిల్ కారులో మామూలుగా నాలుగు ఫిల్టర్లు చూస్తాం. ఇంజన్ ఆయిల్‌కి ఒకటి, ఇంజన్ పీల్చే గాలికి ఒకటి, పెట్రోలుకో డీజిలుకో ఒకటి, మనం లోపల కూర్చుని పీల్చే గాలికి ఒకటి. పూర్తి ఎలక్ట్రిక్ కారులో ఇంజనే లేదు కాబట్టి మొదటి మూడూ పోతాయి. పోతే మంచిదే. వాడేసిన ఆయిల్ ఫిల్టర్‌ని తలకిందులుగా పెడితే ఎంతసేపు నల్లటి నూనె కారుతూనే ఉంటుందో, అది ఏ మట్టిలోకి, ఏ డ్రైనేజీలోకి పోతుందో రోజూ చూసేవాణ్ణి నేను, అవి తగ్గితే నాకేమీ బాధ లేదు. లారీలు ఉన్నన్నాళ్లు డీజిల్ ఫిల్టర్లు ఎలాగూ అమ్ముడవుతాయి. నా బాధంతా నాలుగోదాని గురించి. మా దగ్గర దాన్ని ఏసీ ఫిల్టర్ అంటాం. ఇంజన్ పోయినా అది ఉంటుంది, కానీ "ఎలక్ట్రిక్ బండికి సర్వీసింగే ఉండదట" అన్న ఒక్క మాటతో జనం దాన్ని పూర్తిగా మర్చిపోతున్నారు.

గుంటూరు నుంచి ఒక మిర్చి వ్యాపారి వచ్చారు ఈ మధ్య. ఎలక్ట్రిక్ కారు కొని రెండేళ్లు దాటింది, సీజన్‌లో రోజూ యార్డుకి దాంట్లోనే వెళ్లొస్తారు. ఏసీ సరిగా రావడం లేదని, ఫ్యాను హోరుమంటోందని, కారెక్కితే చాలు వాళ్ల పాపకి దగ్గు మొదలవుతోందని చెప్పారు. గ్యాస్ తగ్గిందేమోనని ఎక్కడో నింపించారు కూడా, తేడా లేదు. డ్రైవర్ పక్క సీటుకి ఎదురుగా ఉండే అర, అదే గ్లోవ్ బాక్స్, ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దించి, వెనకున్న మూత తీసి ఫిల్టర్ బయటికి లాగాను. కొత్తది తెల్లగా మడతలు మడతలుగా విసనకర్రలా ఉంటుంది. ఇది ఇటుక రంగులో ఉంది. మడతల మధ్య మిరప గింజలు, ఎండిన ఆకు ముక్కలు, అడుగున మెత్తటి ఎర్రటి పొడి పేరుకుని ఉంది. కౌంటర్ మీద పెట్టగానే షాపులో ఉన్న నలుగురికీ కళ్లు మండాయి. ఆయన ఆ ఫిల్టర్ని చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇది ఉందని నాకెవరూ చెప్పలేదండీ" అన్నారు. కారు డెలివరీ ఇచ్చినప్పుడు పూలదండ వేశారు, ఫొటో తీశారు, చార్జర్ ఎలా పెట్టాలో చూపించారు, ఇది మాత్రం చెప్పలేదు.

ఎలక్ట్రిక్ కారులో ఈ ఫిల్టర్ పని తగ్గదు, నన్నడిగితే ఇంకా ముఖ్యం. చార్జింగ్ దగ్గర అరగంట, ముప్పావుగంట ఏసీ వేసుకుని లోపలే కూర్చుంటారు కదా, హైవే పక్కన అయితే పక్కనే లారీలు స్టార్టింగ్‌లో ఉంటాయి, ఆ పొగంతా లోపలికి పోయే దారిలో అడ్డంగా ఉన్నది ఈ ఒక్క ఫిల్టరే. వాసన కూడా ఆగాలంటే యాక్టివేటెడ్ కార్బన్, అంటే బొగ్గు పొర ఉన్న రకం వేసుకోవాలి, మామూలుది దుమ్మునే ఆపుతుంది. పైగా ఏసీకీ చక్రాలకీ కరెంటు ఒకే బ్యాటరీ నుంచి రావాలి. ఫిల్టర్ పూడుకుపోతే గాలి రాదు, గాలి రాకపోతే మనం ఫ్యాను పెంచుతాం, టెంపరేచర్ తగ్గిస్తాం, ఆ కరెంటంతా మన కిలోమీటర్లలోంచే పోతుంది. ఏడాదికోసారి మార్చే ఫిల్టర్ ఇది, మన ఊళ్ల దుమ్ముకి ఆరేడు నెలలకే తీసి చూసుకోవాలి. చాలా కార్లకి కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది.

ఇంకో మాట. "కొత్తది ఎందుకన్నా, గాలి కొట్టి పెట్టెయ్" అని అడిగేవాళ్లు రోజుకు పదిమంది. కంప్రెసర్ గాలి కొడితే పైకి తెల్లబడుతుంది, నిజమే. కానీ మంచి ఏసీ ఫిల్టర్ ఉత్త జల్లెడ కాదు. తల దువ్విన దువ్వెనని చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరొచ్చి అంటుకుంటాయి చూడండి, ఆ ఫిల్టర్ పోగులకు తయారీలోనే అలాంటి స్థిర విద్యుత్తు ఎక్కిస్తారు, దానివల్లే పోగుల సందుకంటే సన్నటి దుమ్ము కూడా దొరుకుతుంది. పీఎం 2.5 అని మీరు పేపర్లో రాసే దుమ్ము రేణువు మన వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. నీళ్లతో కడిగితే ఆ శక్తి పడిపోతుంది, గట్టిగా గాలి కొడితే పొర చిరుగుతుంది. కంటికి శుభ్రంగా కనిపించేది ఊపిరితిత్తులకి పనికిరాకుండా పోతుంది. పలుచటి గుడ్డలాంటి డూప్లికేట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, మా ఆటోనగర్‌లోనూ ఉన్నాయి, దాచడం ఎందుకు. చేతికి తీసుకుని మడతలు లెక్కపెట్టండి, పాతదానితో పోల్చండి, గాలి దిశ చూపించే బాణం గుర్తు ఉందో లేదో చూడండి.

ఎలక్ట్రిక్ బళ్లు వస్తే దుమ్మే ఉండదనుకోవడం కూడా తప్పు. పొగ గొట్టం పోతుంది, టైరు అరుగుదల పోదు, రోడ్డు మీద మట్టి పోదు. బ్యాటరీ బరువుకి టైరు ఇంకాస్త ఎక్కువే అరుగుతుంది. బ్రేకుల పొడి మాత్రం బాగా తగ్గుతుంది, ఎందుకంటే కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ కరెంటు తయారు చేస్తుంది. యూరప్ వాళ్లు 2024లో తెచ్చిన యూరో 7 కాలుష్య నిబంధనల్లో బ్రేకుల నుంచి రాలే పొడికి కూడా పరిమితి పెట్టారు. మామూలు కార్లకీ, ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్‌లకీ కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్‌కి 3. ఇప్పుడు బ్రేకు దగ్గరే పొడిని పట్టే ఫిల్టర్లు కూడా తయారు చేస్తున్నారు. ఫిల్టర్ అనే వస్తువు ఎక్కడికీ పోవడం లేదు, ఒకచోటు నుంచి లేచి ఇంకోచోట కూర్చుంటోంది అంతే.

హైబ్రిడ్‌ల సంగతైతే ఇంకా గందరగోళం. కారు వెనక హైబ్రిడ్ అని రాసి ఉంటే చాలు సగం ఎలక్ట్రిక్, సగం సర్వీసింగ్ అనుకుంటున్నారు. స్మార్ట్ హైబ్రిడ్ అనే మారుతి కార్లలో చిన్న మోటారు ఇంజన్‌కి సాయం మాత్రమే చేస్తుంది, ఇంజన్ మామూలుగానే తిరుగుతుంది, కాబట్టి ఫిల్టర్ల పని మామూలు కారులాగే ఉంటుంది. గ్రాండ్ విటారా ఒకే పేరుతో ఈ రకంలోనూ, కాసేపు మోటారు ఒక్కటే బండిని నడపగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లోనూ వస్తుంది, ఇంజన్లు వేరు, ఒకదానికి నాలుగు సిలిండర్లు, ఇంకోదానికి మూడు. ఏ రకమో చెప్పకుండా ఆయిల్ ఫిల్టర్ ఇవ్వమంటే నేనివ్వను. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజన్ మాటిమాటికీ ఆగి మళ్లీ స్టార్టవుతుంది. బెంజి సర్కిల్ నుంచి వన్‌టౌన్ దాకా వెళ్లే చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ అందులోనే మిగిలిపోతుంది. "ఇంజన్ సగమే తిరిగింది కదా, ఆయిల్ రెండేళ్లకి మారుద్దాం" అన్న లెక్క అందుకే చెల్లదు. కంపెనీ పుస్తకంలో రాసిన నెలలు దాటనివ్వకండి.

ఆ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో కొన్నింటికి కొత్తగా ఇంకో ఫిల్టర్ వచ్చింది, దీన్ని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ. వెనక సీటు దగ్గర చిన్న జాలీ ఉంటుంది. కారు లోపలి చల్లగాలిని అక్కడినుంచి లాగి పెద్ద బ్యాటరీని చల్లబరుస్తారు, జాలీ వెనక దుమ్ము ఆపే వల ఉంటుంది. ఆ జాలీ మూసుకుపోతే బ్యాటరీకి చల్లగాలి అందదు. మా బావగారి కారుకి అదే జరిగింది. కొత్త కారుకి సీటు కవర్లు కుట్టించారు, కుట్టినతను ఆ జాలీ మీదుగా కవరు లాగి బిగించేశాడు. ఎండాకాలం వచ్చేసరికి వెనక నుంచి ఫ్యాను మోత, తర్వాత మైలేజీ పడిపోవడం, చివరికి డ్యాష్‌బోర్డు మీద లైటు. బ్యాటరీ మార్చాలేమోనని అక్కయ్య వాళ్లకి వారం రోజులు నిద్ర లేదు, ఆ టెన్షన్ చూడలేకపోయాను. కవరు కోసి, వల తీసి చూస్తే కవరు లోపలి బొంతలోంచి వచ్చిన నూగు దట్టంగా పట్టి ఉంది. శుభ్రం చేసి పెట్టాక ఫ్యాను నెమ్మదించింది, లైటు పోయింది. అదృష్టం బాగుండి బ్యాటరీ దెబ్బతినలేదు.

పూర్తి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ పెట్టెకి కూడా గాలిని పోనిచ్చి నీళ్లని ఆపే చిన్న పొర ఒకటి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో మనందరం చూశాం. మళ్లీ అలా మునిగితే, ఆ పొర బురదతో మూసుకుపోయిందేమో తెలిసిన వాళ్లతో చూపించాకే బండి కదపండి. వాటర్ సర్వీసింగ్‌లో కూడా అడుగున ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వద్దు.

నేను అడిగేది పెద్ద పనేమీ కాదు. కారు తాళాలు ఇచ్చే రోజున ఒక్క కాగితం తెలుగులో ఇవ్వమనండి: ఈ బండిలో ఏ ఫిల్టర్లు ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, ఎన్ని నెలలకి చూడాలి, ఏది కడగకూడదు. ఆటోనగర్‌లో పనిచేసే కుర్రాళ్లకి డీజిల్ ఫిల్టర్ కళ్లు మూసుకుని విప్పడం వచ్చు, ఈ కొత్తవి వాళ్లకి ఎవరూ చూపించలేదు. ఐటీఐల్లో సాయంత్రం పూట పది రోజుల క్లాసు పెడితే చాలు, నా షాపులో పనిచేసే ఇద్దరినీ నేనే పంపిస్తాను. మీరు కూడా ఈసారి ఎలక్ట్రిక్ కార్ల మీద పేజీ వేసినప్పుడు గ్లోవ్ బాక్స్ వెనక ఏముంటుందో ఒక ఫొటో వేయండి. ఆ మిర్చి వ్యాపారి ఫిల్టర్ని పారేయకుండా కవర్లో కట్టి ఉంచాను, మీ విలేకరి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫిల్టర్ల దుకాణదారు,
ఆటోనగర్, విజయవాడ