పీహెచ్‌డీలో చేరే ముందే మన పిల్లలకి ఈ సంగతులు చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మా పక్కింటి పిల్లోడు సాయంత్రం మా ఇంటికొచ్చాడు, ఎమ్మెస్సీ జువాలజీ ఈమధ్యనే అయిపోయింది, అరుగు మీద కూర్చోని "అక్కా, పీహెచ్‌డీ అంటే మూడేళ్లే కదా, అయిపోతే డిగ్రీ కాలేజీలో పోస్టు వచ్చేస్తది కదా" అని అడిగాడు. నాకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం చేతకాలేదు. నేను 2018లో చేరాను, 2024లో థీసిస్ (పరిశోధన గ్రంథం) ఇచ్చాను, వైవా (దాని మీద ఎదురుగా కూర్చోబెట్టి అడిగే పరీక్ష) 2025లో అయింది. ఏడేళ్ల సంగతి వాడికి అరుగు మీద కూర్చోని ఎట్టా చెప్పాలో తెలీక ఈ ఉత్తరం రాస్తున్నా. మీ పేపర్లో చదువుల పేజీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు చానా మంది చూస్తారు, అందుకే మీకే రాస్తున్నా.

మూడేళ్లు అనేది కనీసం ఉండాల్సిన టైం అండీ, అయిపోయే టైం కాదు. యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 2022 రూల్స్ ప్రకారం కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు, ఆపైన రీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి ఇంకా రెండేళ్ల సడలింపు, మొత్తం మీద పదేళ్లు దాటకూడదు. చేరగానే కనీసం 12 క్రెడిట్ల కోర్స్ వర్క్ (క్లాసులు) ఉంటది, దానికి పరీక్షలు ఉంటాయి, అందాకా మనకి అలవాటైన చదువే. ఆ తర్వాత సిలబస్ ఉండదు, గైడ్ సార్ (మన పరిశోధనకి దారి చూపే ప్రొఫెసర్) "చదువుకోని రా" అంటారు, ఏం చదవాలో చెప్పేవాళ్లు ఉండరు. తెలుగు మీడియంలో చదువుకోని వచ్చినదాన్ని, మొదటి ఏడాది ఒక్కో పరిశోధన పేపరు నాలుగేసి సార్లు చదివితే గానీ ఎక్కేది కాదు. చదివేవాళ్లకి ఒక మాట, దేశంలో యూనివర్సిటీలకిచ్చిన థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో చానా వరకు ఉచితంగా దొరుకుతాయి. చేరకముందే మీ సబ్జెక్టువి ఒక నాలుగు తీసి చూడండి, పీహెచ్‌డీ అంటే ఏ సైజు పనో కళ్లతో కనపడద్ది.

నా టాపిక్ రొయ్యల గుంటల్లో నీళ్లు. మాది ఇందుకూరుపేట మండలం, మా నాయన కౌలుకి రెండు గుంటలు తీసుకోని వెనామీ (ఒక రకం రొయ్య) వేస్తాడు. పగలంతా నీళ్లలో పాచి ఎండకి ఆక్సిజన్ ఇస్తది, రాత్రయితే ఆ పాచే, రొయ్యలే, అడుగున మిగిలిన మేతే ఆక్సిజన్ లాగేసుకుంటాయి, అందుకని డీవో (నీళ్లలో కరిగున్న ఆక్సిజన్) బాగా తగ్గేది తెల్లారబోయే ముందు. అంటే నేను నాలుగింటికల్లా గుంట గట్టు మీద ఉండాలి. నాయన టీవీఎస్ బండి మీద తీసుకుపోయేవాడు, ఒడిలో మూడొందల మిల్లీలీటర్ల గాజు సీసాల పెట్టె. నీళ్లు సీసాలోకి గాలి బుడగ లేకుండా నింపాలి, అక్కడికక్కడే మాంగనస్ సల్ఫేటు, ఆ తర్వాత ఆల్కలీన్ అయొడైడ్ పోసి మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగద్ది. లేకపోతే తెల్లగానే ఉండిపోద్ది.

ఒక రోజు పక్కోళ్ల గుంటలో అడుగు నీళ్లు తీసి మందు పోశాను, టార్చి లైట్లో చూస్తే తెల్లగా ఉంది. పాలు విరిగినట్టు తెల్లగా. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) ఆగిపోయినాయి, కాపలా మనిషికి మెలకువ రాలేదు. నాయన సీసా చూసీ చూడగానే ఏం మాట్లాడకుండా జనరేటర్ కాడికి పరిగెత్తాడు. అప్పటికే రొయ్య గట్టెంబడి పైకి తేలతా ఉంది. ఆ గుంటలో సగం పైన మిగిలింది. ఆ రోజు రాసుకున్న రీడింగుతోనే నా థీసిస్‌లో నాలుగో చాప్టర్ మొదలైద్ది. పీహెచ్‌డీ అంటే ఏందని ఎవరన్నా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ తెల్ల సీసానే.

కానీ పని అంతా అట్టా ఉండదు. సీసాలు కాలేజీకి తీసుకుపోయి (నేను గెస్ట్ లెక్చరర్‌గా చేసేదాన్ని, అక్కడి ల్యాబ్ వాడుకోనిచ్చారు) యాసిడ్ పోసి, హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంతో టైట్రేషన్ చెయ్యాలి, అంటే చుక్క చుక్కగా పోస్తా ఎంత పట్టిందో కొలవాలి, స్టార్చి వేసినాక నీలం రంగు ఎక్కడ పోయిందో అక్కడ ఆపాలి. హైపో ద్రావణం నిలవుంటే బలం తగ్గిపోద్ది, దాన్ని మళ్లీ మళ్లీ స్టాండర్డైజ్ చేసుకోవాలని, అంటే బలం ఎంతో సరిచూసుకోవాలని పుస్తకంలో చదివాను గానీ ఒక సీజన్లో అశ్రద్ధ చేశాను. పంట చివర్లో లెక్కలు సరిచూస్తే డీవో ఉండాల్సినదాని కన్నా ఎక్కువ చూపిస్తా ఉంది. వెనామీ పంటంటే దగ్గర దగ్గర నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల రీడింగులన్నీ కొట్టేశాను. మళ్లీ పంట వేసేదాకా ఆగాల్సొచ్చింది, వేసేటప్పటికి 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీ ల్యాబే మూసేశారు. మూడేళ్లలో అయిపోద్దని లెక్కేసుకోని చేరినోళ్లకి ఇట్టాంటివి వచ్చినప్పుడు గుండె జారిపోద్ది, నాకూ అట్టానే అయింది. ఇది మన చేతగానితనం కాదని, పని తీరే ఇంతని ముందే ఎవరన్నా చెప్పుంటే ఆ ఏడాది అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

ఇంక గైడ్ సంగతి. టాపిక్ కన్నా యూనివర్సిటీ పేరు కన్నా గైడే ముఖ్యం, ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను. మా సార్ మంచి మనిషి, కానీ 2021లో రిటైర్ అయిపోయారు. కొత్త గైడ్ పేరు మీద ఆర్డర్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఆ ఎనిమిది నెలలు నా కాగితాల మీద సంతకం పెట్టే దిక్కు లేదు, ఆఫీసు చుట్టూ తిరగడమే పని. (యూనివర్సిటీ పేరు రాయను, అది వేరే జిల్లాలోది.) ఇప్పటి రూల్ ప్రకారం రిటైర్ అవ్వడానికి మూడేళ్ల లోపు సర్వీసు మిగిలున్న వాళ్లు కొత్తగా స్కాలర్లని తీసుకోకూడదు, ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురి కన్నా ఎక్కువ ఉండకూడదు. పీహెచ్‌డీ స్కాలర్ల లిస్టు టాపిక్, గైడ్ పేరు, చేరిన తేదీతో సహా యూనివర్సిటీ వెబ్‌సైట్లో పెట్టాలి. దాన్ని చూడండి, ఆ గైడ్ కింద 2017లో చేరినోళ్లు ఇంకా ఉన్నారా లేక అయిపోయి పోయారా తెలుస్తది. వీలైతే ఆయన కింద చేసేవాళ్లని కలిసి ఒక టీ తాగి మాట్లాడండి. సార్ చాప్టర్ చదివి ఎన్నాళ్లకి తిరిగిస్తారు, ఫోన్ తీస్తారా, ఇంటి పనులు చెప్తారా, ఇవన్నీ అడగడానికి మొహమాటపడొద్దు. పెళ్లి సంబంధానికి ఎంత విచారిస్తామో అంత విచారించాలి, ఐదారేళ్లు ఆ మనిషితోనే కదా.

డబ్బు గురించి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షలో పైన వచ్చినోళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే ఫరవాలేదు, 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫెలోషిప్ లేనోళ్లకి నాన్ నెట్ కింద 8,000 ఇస్తారు. నాకు జేఆర్‌ఎఫ్ లేదు, నేను చేసింది సెంట్రల్ యూనివర్సిటీ కాదు, చేతికొచ్చింది గెస్ట్ లెక్చరర్ జీతమే, అది కూడా పరీక్షలప్పుడు, సెలవులప్పుడు ఉండదు. కెమికల్స్, సీసాలు, బస్సు చార్జీలు అన్నీ నావే. పోస్టు గురించి కూడా పిల్లోడికి చెప్పాను, 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు, నెట్ దేశమంతటికీ, సెట్ రాష్ట్రానికి) ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. లెక్చరర్ పోస్టు ఒక్కటే కావాలంటే ముందు నెట్ మీద కూర్చోమన్నా. నెట్ ఎట్టా రాసినా పనికొస్తది, 2024 జూన్ నుంచి ఆ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్ ఇచ్చుకోవచ్చు, స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30.

ఆడపిల్లలకి ఒకటి విడిగా చెప్పాలి. నాకు 2022లో పాప పుట్టింది. మెటర్నిటీ లీవు, చైల్డ్ కేర్ లీవు కింద 240 రోజుల దాకా తీసుకోవచ్చని రూల్స్‌లో రాసుంది, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఆఫీసులో అడిగితే "అట్టాంటివి స్కాలర్లకి ఉండవమ్మా" అన్నారు. పాపకి మూడో నెల నుంచే మళ్లీ గుంటల కాడికి పోయాను. తర్వాత రూల్స్ చదివినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పోలా. చేరినరోజే ఆ రూల్స్ ప్రింటు తీసుకోని దగ్గర పెట్టుకోండి తల్లీ, ఎవరో చెప్పిందాన్ని నమ్మొద్దు.

రాయడం మొదలుపెట్టినాక ఇంకో దెబ్బ తగిలింది. నా రెండో చాప్టర్ సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో కలిసిన భాగం) 20 శాతం పైన వచ్చింది. పది శాతం దాటకూడదు, 10 నుంచి 40 మధ్యలో వస్తే మార్చి మళ్లీ ఇవ్వాల్సిందే, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నేను కాపీ కొట్టాలని కొట్టలేదు, చిన్నప్పటి నుంచి గైడు పుస్తకం చూసి ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులేశారు మనకి, సొంత మాటల్లో రాయడం ఎవరూ నేర్పలేదు. ఆ చాప్టర్ మొత్తం మళ్లీ రాశాను, రెండు నెలలు పట్టింది, నిజం చెప్పాలంటే నేను రాయడం నేర్చుకుంది ఆ రెండు నెలల్లోనే. అప్పుడే "వారంలో మీ పేపర్ అచ్చేస్తాం, ఇంత కట్టండి" అని మెయిళ్లు కూడా వచ్చేవి, మేం చేరినప్పటి రూల్స్‌లో జర్నల్లో పేపర్ వెయ్యడం తప్పనిసరి కాబట్టి భయపడి కట్టినోళ్లు నాకు తెలుసు. 2022 రూల్స్‌లో ఆ తప్పనిసరి తీసేశారు, కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లు అట్టాంటి వాటికి ఒక్క రూపాయి కూడా కట్టబాకండి.

థీసిస్ ఇచ్చినాక ఆరు నెలల్లో వాల్యుయేషన్, వైవా మొత్తం ముగించాలని ఉంది. నాకు పదకొండు నెలలు పట్టింది. వైవాకి వచ్చినోళ్ల భోజనాలు, కారు, శాలువాలు స్కాలరే పెట్టుకోవాలనే అలవాటు కూడా ఇంకా చానా చోట్ల నడస్తా ఉంది, ఆ ఖర్చుకి మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఇది ఆగాలి. యూనివర్సిటీ వాళ్లు ఒక్క సర్క్యులర్ ఇస్తే ఆగిపోద్ది.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని నేను అడిగేది ఒకటే. నోటిఫికేషన్లు వేసే ఆ పేజీలోనే అడ్మిషన్లప్పుడు పీహెచ్‌డీ చేసినోళ్లతో, చేస్తా ఉన్నోళ్లతో నాలుగు మాటలు రాయించండి. ఇప్పుడు కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఒంగోల్లో ఆంధ్రకేసరి వచ్చింది, కావలి, కందుకూరు, కనిగిరి పల్లెల్లో పిల్లలు కూడా దీని గురించి ఆలోచిస్తా ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అంతకుముందు పీహెచ్‌డీ చేసినోళ్లు ఉండరు, అడగడానికి మనిషి ఉండడు.

పక్కింటి పిల్లోడికి ఇవన్నీ విడతలు విడతలుగా చెప్పాను. భయపడతాడేమో అనుకున్నా. అంతా విని "ఆ తెల్ల సీసా నాకు చూపిస్తావా అక్కా" అన్నాడు. ఈ ఆదివారం నాలుగింటికి గుంట కాడికి వస్తానన్నాడు. సీసాలు కడిగి ఆరబెట్టాను, హైపో కూడా కొత్తది కలపాలి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు కూతురు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా