గడియారాల తాతయ్య బొమ్మ

ఒరేయ్ వాసూ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, చెల్లి పరీక్షలైపోయాయి, అమ్మ నిన్ను అడిగింది. ఇక అసలు సంగతికి వస్తున్నా, ఇది నీకు చెప్పందే నిద్ర పట్టేలా లేదు.

గడియారాలు బాగుచేసే మన తాతయ్యని ఆయిల్ రంగుల్లో వేశాను రా! కొట్టు షట్టర్ సగం దించి, బల్ల మీది పసుపు బల్బు తప్ప అన్నీ ఆర్పేయమన్నాను. "ఫొటో తీసుకుని పోరాదూ" అన్నారు గానీ, కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో పాత హెచ్‌ఎంటీ విప్పడం మొదలెట్టాక నేనున్న సంగతే మర్చిపోయారు.

కాన్వాస్ మొత్తం బర్న్ట్ అంబర్, అదే ఆ ముదురు గోధుమరంగు, పూసేశాను, టర్పెంటైన్‌లో పల్చగా కలిపి. అది తడారకముందే పాత బనియన్ గుడ్డతో వెలుగు పడ్డచోటల్లా తుడుచుకుంటూ పోవడమే. నుదురు, ముక్కు దూలం, ఎడమ చెంప, వేళ్ళ కణుపులు... ఇంకో రంగు ముట్టుకోకముందే తాతయ్య ఆ గోధుమరంగులోంచి తల వంచుకుని బయటికొచ్చేశారు! గుండె దడదడలాడింది రా. కుడి చెవి అసలు గియ్యలేదు, చీకటికి వదిలేశా, అయినా ఉన్నట్టే ఉంది.

అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కదా, త్వరగా ఆరింది. నీడల్ని అలాగే పల్చగా ఉంచేసి, వెలుగు మాత్రం తెలుపులో యెల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, కలిపి ముద్దగా పెట్టాను. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన ముసలి ముఖాల్లో నుదుటి మీద రంగు గట్లు కట్టి ఉంటుంది చూడు, గదిలో వెలుతురు ఆ గట్లకి తగిలి మెరుస్తుంది, అలాగన్నమాట. నల్లరంగు ట్యూబు తియ్యనే లేదు. అల్ట్రామెరైన్ నీలం, అంబర్ కలిస్తే వచ్చే నలుపుకున్న లోతు దానికెక్కడిది! దవడ కింద, బల్ల మీది తెల్లకాగితం నుంచి పైకి తగిలే మసక వెలుగు ఉంది చూశావూ, అది వేయగానే మెడకి గుండ్రదనం వచ్చేసింది.

నువ్వు రోమ్ నుంచి పంపిన ఫొటో, 1600 నాటి ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన ఆ 'సెయింట్ మాథ్యూకి పిలుపు' బొమ్మ, ఈజిల్ పక్కనే అంటించుకున్నా. బొమ్మలో వెలుగు కుడినుంచి వస్తుంది, అది ఉన్న చాపెల్ (చర్చిలోని చిన్న ప్రార్థన గది) కిటికీ కూడా అటే ఉందని రాశావే! అందుకే తాతయ్య బొమ్మని కొట్లో ఆ పసుపు బల్బుకి ఎడమపక్క గోడకే తగిలించాలని నా పట్టుదల.

తాతయ్య చాలాసేపు చూశారు. "భూతద్దంలో ఈ తెల్లచుక్క ఏంట్రా?"

"బల్బు, తాతయ్యా."

వెంటనే భూతద్దం తీసి బల్బుకెదురుగా అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు!

వార్నిష్‌కి ఇంకా ఆర్నెల్లు ఆగాలి, ఈలోగా చేతుల దగ్గర... ఉండు, ఆటో వచ్చేసింది, చేతుల సంగతి తర్వాత రాస్తా.

నీ రాజు