ఆదివారం ఫోన్ పాఠం: ఇంట్లో పెద్దవాళ్లను పంపండి

అందరికీ నమస్కారం. మొన్న మా అమ్మకు ఎవడో ఫోన్ చేసి, "పెన్షన్ బకాయి పడుతుంది, యూపీఐ పిన్ కొట్టండమ్మా" అన్నాడట. ఆవిడ కళ్లజోడు వెతుక్కునేలోగా నేను ఇంటికొచ్చాను కాబట్టి సరిపోయింది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఆవిడకు ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. ఫోన్ కొనిచ్చి, వాట్సాప్ పెట్టిచ్చి చేతులు దులుపుకున్నాను.

యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు కొత్తిమీర కట్టకు కూడా స్కానే. నొక్కడం అందరికీ వచ్చింది, స్క్రీన్ మీద ఏం అడుగుతున్నారో చదవడమే రాలేదు. పైగా అదంతా ఇంగ్లీషు! సెట్టింగుల్లో తెలుగు పెట్టుకోవచ్చని మన కాలనీలో సగం మందికి తెలియదని నా అనుమానం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం. ముందు భాష మార్చడం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అదీ చెబుతాం. పోలీసులమంటూ వీడియో కాల్‌లో భయపెట్టే "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలో లేనే లేదు, బెదిరిస్తే ఫోన్ పెట్టేయండి.

ఎవరి ఫోన్ వాళ్లు చార్జింగ్ పెట్టి తెచ్చుకోండి. పిల్లలు లాక్కుని తామే చేసేయకూడదు, వేలు పెద్దవాళ్లదే. పిన్ మాత్రం నాకు కూడా చెప్పొద్దు. వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి, కుర్చీలు చూసుకోవాలి.