వార్షిక నివేదిక 2024–25: వెస్ట్‌ఫాల్ మన బల్లమీదికి వచ్చిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. ఆదివారం సమావేశాలు ఎప్పటిలాగే కమ్యూనిటీ హాలులో జరిగాయి. వేసవిలో పిల్లలకు బోర్డు ఆటల శిబిరం పెట్టాం. దసరా సెలవుల్లో కొత్తవారి కోసం పరిచయ ఆటలు నడిపాం. గ్రంథాలయంలో కొత్తగా చేరిన ఆటల జాబితా, కోశాధికారి సమర్పించిన జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి కనుక వాటిని ఇక్కడ మళ్లీ చెప్పను.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆన్‌లైన్ ఆటలోని వెస్ట్‌ఫాల్ ప్రాంతాన్ని పాచికలతో, కాగితాలతో, మాటలతో ఆడుకునే టేబుల్‌టాప్ ఆటగా మలిచాం. ఏడాది శ్రమలో సింహభాగం దానికే వెళ్లింది. నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఈ ప్రయత్నం మనతో మొదలైంది కాదు. 1999లో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’ అనే ఆన్‌లైన్ ఆట 2002లో పుస్తకరూపంలో టేబుల్‌టాప్‌కు వచ్చింది. ‘వార్‌క్రాఫ్ట్’కు 2003లో ఒకటి, 2005లో మరొకటి వచ్చాయి. ‘ఫైనల్ ఫాంటసీ 14’కు 2024లో దాన్ని తయారుచేసిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థే టేబుల్‌టాప్ రూపం తెచ్చింది. అసలు ఈ ఆన్‌లైన్ ఆటల్లో కనిపించే స్థాయిలు, ప్రాణబలం లెక్కలు, యోధుడు, మాంత్రికుడు అనే విభజన అన్నీ 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నుంచి వచ్చినవే. బల్లమీద పుట్టిన ఆట కంప్యూటర్‌లోకి వెళ్లి పెరిగింది. దాన్ని మళ్లీ బల్లమీదికి తెచ్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే ఏడాది పొడవునా మన చర్చ.

మొదట అంకెల సంగతి. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కాక మరొకటి నొక్కడానికి ఒకటిన్నర సెకను చాలు. మనం ఆధారంగా తీసుకున్న ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నియమాల్లో ఒక విడత అంటే 6 సెకన్లు. అంటే ఒక్క విడతలో నాలుగు మీటలు పట్టాలి. అలా ఆడితే ఒక్క పోరాటానికే సాయంత్రం గడిచిపోతుంది. అందుకని ఒక విడతకు ఒకే పెద్ద చర్య అని తేల్చాం. వందల్లో, వేలల్లో ఉండే ప్రాణబలాన్ని కాగితంమీద చేత్తో తీసివేసుకోగల అంకెలకు కుదించాం. యోధుడి ఆవేశాన్ని మాత్రం మార్చకుండా ఉంచాం. మాంత్రికుడి శక్తి నిండుగా మొదలై తరుగుతుంది. యోధుడి ఆవేశం సున్నాతో మొదలై, కొట్టినప్పుడూ దెబ్బ తిన్నప్పుడూ పెరుగుతుంది. ఈ తేడాను చేతులతో పట్టుకుని చూసుకోవాలని గవ్వలు వాడాం.

చాలా ఆలోచింపజేసినది శత్రువు ఎవరిమీదికి వస్తాడన్న విషయం. ఆన్‌లైన్ ఆటలో ప్రతి రాక్షసుడి దగ్గరా మనకు కనిపించని ఒక పట్టిక ఉంటుంది. ఎవరు ఎంత గాయపరిచారు, ఎవరు ఎంత వైద్యం చేశారు అన్నదాన్నిబట్టి వాడి కోపం ఒకరినుంచి ఒకరికి మళ్లుతుంది. ఈ లెక్క లేకపోతే ముందు నిలబడి దెబ్బలు కాచే యోధుడికి పనే ఉండదు. దీనికి మన సభ్యురాలు ఒకరు చెప్పిన ఉపాయం చింతపిక్కలు. దెబ్బ వేసినవారు గాయానికి తగ్గట్టు తమ ముందు పిక్కలు పోసుకుంటారు. వైద్యం చేసినవారు అందులో సగం పోసుకుంటారు. ఎవరి కుప్ప పెద్దదైతే శత్రువు వారిమీదికి వస్తాడు. యోధుడు సవాలు విసిరితే తన కుప్పను అందరికంటే పెద్ద కుప్పతో సమానం చేసుకుని, ఆ విడతకు శత్రువును తనవైపు తిప్పుకుంటాడు. బల్లమీద పిక్కల గలగల మొదలవగానే పిల్లలు సైతం లేచి నిలబడి ఎవరి కుప్ప ఎంతుందో చూసేవారు. కంప్యూటర్ దాచిపెట్టిన లెక్క అందరి కళ్లముందుకూ వచ్చింది. ఈ ఏడాది మనం తయారుచేసిన నియమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మరణం విషయంలో వాదోపవాదాలు గట్టిగానే జరిగాయి. ఆన్‌లైన్‌లో చనిపోయినవారు శ్మశానంలో ఆత్మగా లేచి, పరుగెత్తుకుంటూ తమ శరీరం దగ్గరికి వెళ్లి మళ్లీ బతుకుతారు. ఆయుధాలు, కవచాలు కొంత అరుగుతాయి, అంతే. దీన్ని ఉన్నదున్నట్టు తెస్తే భయమన్నదే ఉండదు. పూర్తిగా తీసేస్తే అది వార్‌క్రాఫ్టే కాదని పాత ఆటగాళ్లు పట్టుబట్టారు. చివరికి పునర్జన్మను ఉంచి, దానికి మూల్యం పెంచాం. బతికి వచ్చినవారి కవచం దెబ్బతింటుంది, తర్వాతి విశ్రాంతి దాకా నీరసం వదలదు. శత్రువులకు మాత్రం ఆ అవకాశం లేదు. ఒకసారి పోయినవారు పోయినట్టే. కొద్ది నిమిషాల్లో అదే దొంగ అదే చోట మళ్లీ నిలబడి ఉండడం మన బల్లమీద జరగదు.

ఇక కథ. వార్‌క్రాఫ్ట్ ఆడినవారికి ఎడ్విన్ వాన్‌క్లీఫ్ పేరు తెలియకుండా ఉండదు. ఓర్కులనే యోధజాతి చేతిలో నేలమట్టమైన స్టార్మ్‌విండ్ నగరాన్ని తిరిగి కట్టిన రాతిపనివారికి ఆయన పెద్ద. పని పూర్తయ్యాక ప్రభువులు కూలి ఎగ్గొట్టారు. అల్లర్లు చెలరేగాయి, వాటిలో రాణి ప్రాణాలు కోల్పోయింది. నగరం విడిచి పారిపోయిన పనివారు ఎర్ర ముసుగులు కట్టుకుని డెఫియాస్ ముఠాగా మారి వెస్ట్‌ఫాల్ పొలాలమీద పడ్డారు. 2004 నాటి ఆటలో సెంటినెల్ హిల్ బురుజు దగ్గర రక్షక దళం నాయకుడు గ్రయాన్ స్టౌట్‌మాంటిల్ చివరికి మనకు అప్పగించే పని వాన్‌క్లీఫ్ తల తీసుకురావడం. ముఠా దాక్కున్న డెడ్‌మైన్స్ గనిలో వాన్‌క్లీఫ్‌ను చంపిన తర్వాత ఆయన దగ్గర ఒక ఉత్తరం దొరుకుతుంది. నగర వాస్తుశిల్పికి రాసి, పంపకుండా ఉంచుకున్న ఉత్తరం. చంపాకగానీ ఆయన మాట చదివే వీలు లేదు. ఆ ఆట తీరే అంత.

మనం ఆ ఉత్తరాన్ని ముందుకు తెచ్చాం. గనిలోకి దిగకముందే, మూన్‌బ్రూక్ ఊళ్లోని ఒక పాడుపడిన ఇంట్లో అది దొరికేలా కథ అల్లాం. ఏడాది మొత్తంలో మనం తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం ఇదేనని నా నమ్మకం. మొదటి బల్లవారు ఉత్తరం చదివి కూడా గనిలోకి దిగి పని ముగించారు. రెండో బల్లవారు ఉత్తరం పట్టుకుని వెనక్కి, గ్రయాన్ దగ్గరికే వెళ్లారు. వారిలో ఒక సభ్యుడు ఆయన్ని, “అసలు వాళ్లకు రావలసిన బాకీ ఎంతండీ?” అని అడిగారు. కంప్యూటర్ ఆటలో ఆ ప్రశ్న అడగడానికి మీట లేదు. జవాబు ఎక్కడా రాసి లేదు కనుక కథ నడిపించే గేమ్ మాస్టర్ అక్కడికక్కడ ఆలోచించి, లెక్కల పుస్తకం స్టార్మ్‌విండ్‌లో ఉందని చెప్పారు. ఆ తర్వాత రెండు ఆదివారాలు కత్తి దూసే అవసరమే రాలేదు. పద్దులు వెతకడం, ప్రభువులతో బేరమాడడం, మధ్యలో పొలం పోగొట్టుకుని రోడ్డున పడ్డ ఫర్ల్‌బ్రో దంపతులకు జవాబు చెప్పుకోవడం. “వాళ్లకు కూలి ఇప్పిస్తారు సరే, మా పొలం ఎవరిస్తారు?” అని ఆ ముసలావిడ పాత్రలో గేమ్ మాస్టర్ నిలదీసినప్పుడు బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేకపోయారు. చివరికి రైతులకు హాని చేయని పనివారికి క్షమాభిక్ష దొరికింది. వాన్‌క్లీఫ్ నమ్మలేదు, ఓడెక్కి వెళ్లిపోయాడు.

ఆన్‌లైన్‌లో వెస్ట్‌ఫాల్ మారాలంటే తయారీ సంస్థ మార్చాలి. 2010 డిసెంబరులో ఆటకు ‘కాటక్లిజమ్’ అనే విస్తరణ వచ్చేదాకా ఫర్ల్‌బ్రో దంపతులు తమ గుర్రం బ్లాంచీతో అదే దారి పక్కన నిలబడే ఉన్నారు. మన బల్లమీద వారి బతుకు ఆ సాయంత్రమే మారింది. ఇందుకోసమే ఇంత శ్రమ పడ్డాం.

బల్లమీదికి తేలేకపోయినది ఒకటుంది: ముక్కూమొహం తెలియని వేలమంది ఒకే లోకంలో తిరగడం. దానికి కొంతవరకైనా దగ్గరగా ఉండాలని రెండు బల్లలకూ మధ్య ఒక రిజిస్టరు పెట్టి, ఒకరి పనుల ఫలితం రెండోవారి కథలో కనిపించేలా ఏర్పాటు చేస్తున్నాం.

హక్కుల విషయం. వార్‌క్రాఫ్ట్ పేర్లు, పాత్రలు బ్లిజార్డ్ సంస్థవి. కనుక ఈ కథను సభ్యుల మధ్యే ఆడుకుంటాం. అచ్చువేయడం, అమ్మడం ఉండవు. మనం ఆధారంగా తీసుకున్న నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూల నియమావళి 5.1లోనివి. మూలాన్ని పేర్కొంటే వాటిని వాడుకోవచ్చు. చింతపిక్కల పద్ధతితో సహా మన సొంత నియమాలను వార్‌క్రాఫ్ట్ పేర్లు లేకుండా విడి పుస్తకంగా తెలుగులో అందరికీ ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సమావేశంలో దీనిపై ఓటింగ్ ఉంటుంది.

వచ్చే ఏడాదికి 2005 సెప్టెంబరులో ఆన్‌లైన్ వార్‌క్రాఫ్ట్‌లో వ్యాపించిన ‘కరప్టెడ్ బ్లడ్’ అంటువ్యాధిని తీసుకోవాలని అనుకుంటున్నాం. ఆటలోని జుల్‌గురూబ్ అనే చోట హక్కార్ అనే శత్రువు వేసే శాపం వేటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకి, చిన్న స్థాయి పాత్రలను నిలబడ్డచోటే చంపిన ఉదంతమిది. అంటువ్యాధుల శాస్త్రవేత్తలు కూడా దానిమీద వ్యాసాలు రాశారు. హాలంతా అన్ని బల్లలూ ఒకేసారి ఆడుతూ, బల్ల మారిన ప్రతివారితోపాటు ఒక చీటీ కూడా ప్రయాణించేలా ఆడాలని ఆలోచన. దీనికి ఇప్పుడున్న గేమ్ మాస్టర్లు సరిపోరు. నేర్చుకోవాలనుకునేవారు, ముఖ్యంగా ఇప్పటిదాకా ఆటగాళ్లుగా మాత్రమే కూర్చున్నవారు, సర్వసభ్య సమావేశానికి ముందే పేర్లు ఇవ్వగలరు. వెస్ట్‌ఫాల్ పటాలు ఇళ్లకు తీసుకెళ్లినవారు వాటిని అదే రోజు గ్రంథాలయానికి అప్పగించాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి