అమ్మలూ, ఆ పేజీకి వేలంపాట పాడే ముందు

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన రెండు వేలం లింకులూ చూశాను. స్కాన్లను బాగా పెద్దవి చేసుకుని ఒక్కో గడీ, ఒక్కో అంచూ చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు నా భుజం మీద తల ఆనించి చదివించుకున్న బొమ్మల కథలోంచి, చిత్రకారుడు చేత్తో గీసిన అసలు పేజీ ఒకటి నీ సొంత సంపాదనతో కొనుక్కోవాలనుకుంటున్నావని విన్నప్పుడు ఫోన్‌లో నాకు సరిగా మాట రాలేదు, నాన్నకి ఇష్టం లేదని నువ్వు అనుకున్నట్టున్నావు. అదేం లేదు, కొనుక్కో తల్లీ. పాట ఎంతవరకూ పాడొచ్చని అడిగావు కదా, అదీ చెబుతాను. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటి ముందుంది: పాట నీకు ఖాయమయ్యాక ఆ పేజీ అక్కడి నుంచి నీ చేతికి ఎలా వస్తుంది? ఎవరు ప్యాక్ చేస్తారు, ఎవరు తెస్తారు, దారిలో ఏమైనా అయితే ఎవరు బాధ్యత తీసుకుంటారు?

బీరువా పై అరలో ఉన్న పేజీని ఎందుకు ఫ్రేమ్ కట్టించలేదని నువ్వు ఎన్నోసార్లు అడిగావు, నేను ప్రతిసారీ మాట మార్చేశాను. నీకు ఆరేళ్లప్పుడు దాన్ని వేలంలో పాడుకున్నాను. దక్కిందన్న సంతోషంలో షిప్పింగ్ దగ్గర అన్నిటికంటే తక్కువ ఖర్చు ఏదో దాని మీద టిక్ పెట్టేశాను, ఎలా ప్యాక్ చేస్తారని ఒక్క మాట అడగలేదు. వాళ్లు దాన్ని చుట్టగా చుట్టి ట్యూబ్‌లో పెట్టి పంపారు. అచ్చు పోస్టర్‌ని అలా పంపితే ఏమీ కాదు, అది ఒకటే కాగితం. కామిక్ పేజీ వేరు. మందపాటి బ్రిస్టల్ బోర్డు, దాని మీద పెన్సిలు, పెన్సిలు మీద ఇండియా ఇంకు అనే చిక్కటి నల్ల ఇంకు, తప్పు దిద్దిన చోట తెల్లరంగు, విడిగా రాసి రబ్బర్ సిమెంటు అనే జిగురుతో అతికించిన మాటల బుడగలు, నీడల కోసం అంటించిన చుక్కల ఫిల్మ్, ఇన్ని పొరలు ఉంటాయి. చుట్టేసరికి తెల్లరంగు పగిలి పొలుసుల్లా రాలింది, రెండు బుడగలు ఊడి ట్యూబ్ అడుగున పడి ఉన్నాయి, ట్యూబ్ ఒక చివర ఎక్కడో తడిసినట్టుంది, కింది వరుస గడుల్లోకి గోధుమరంగు మరక పాకింది. మూడో గడిలో ఒక అమ్మాయి ముఖం ఉంటుంది, ఆ ముఖం కోసమే నేను ఆ పేజీ కొన్నాను, సరిగ్గా దాని మీదుగా బోర్డు విరిగి గీత పడింది. ఆ కోపంలో ట్యూబ్‌ని ఆ రోజే పారేశాను. పరిహారం అడిగితే వాళ్లు మొట్టమొదట అడిగింది ప్యాకింగ్ ఫోటోలు. నా దగ్గర లేవు, డబ్బు రాలేదు. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. ఒకాయన వంగి కూర్చుని రోజంతా గీసిన పేజీ, ముప్పై ఏళ్లు ఎవరెవరి ఇళ్లలోనో చెక్కుచెదరకుండా ఉన్న పేజీ, నా దగ్గరికి వచ్చే దారిలో పాడైపోయింది, అది మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

ఇక నీ రెండు పేజీల సంగతి. నన్నడిగితే మొదటిదే పాడుకో. రెండోది బొమ్మగా చూస్తే ఇంకా బాగుంది, ఒప్పుకుంటాను, కానీ వివరణ కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో చూడు: ఇంకు, బ్లూలైన్ ప్రింట్ మీద. అంటే పెన్సిల్ బొమ్మ గీసింది ఒకరు, దాన్ని స్కాన్ చేసి పంపితే ఇంకొకరు లేత నీలంలో ప్రింట్ తీసుకుని దాని మీద ఇంకు వేశారు. ఈ రోజుల్లో ఇది మామూలే, మోసమేమీ కాదు, చక్కగా చెప్పే అమ్ముతున్నారు. కాకపోతే నీకు ఇష్టమైన ఆ చిత్రకారుడి పెన్సిల్ ఆ కాగితాన్ని తాకనే లేదు, ఆయన గీసిన పేజీ వేరే ఎక్కడో ఉండి ఉంటుంది. మాటల బుడగలు కూడా కంప్యూటర్‌లోనే వేస్తారు కాబట్టి బోర్డు మీద ఉండవు. మొదటి పేజీ అలా కాదు, పెన్సిలూ ఇంకూ అక్షరాలూ అన్నీ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఎడమ అంచున లేత నీలం పెన్సిల్‌తో రాసిన మాటలు కనిపించాయా? ఆ నీలం అచ్చు కెమెరాకి పడేది కాదు, అందుకే గుర్తులూ సూచనలూ దాంతో రాసుకుని చెరపకుండా వదిలేసేవాళ్లు. నాకు అలాంటి రాతలంటే బొమ్మంత ఇష్టం.

అయినా నమ్మకంతో ఊరుకోకు. వెనక వైపు ఫోటో పంపమని అడుగు, కేటలాగ్‌లో ముందు వైపే పెట్టారు. అమెరికాలో 1954 నుంచి చాలా ఏళ్లు కామిక్స్ కోడ్ వాళ్లు, అంటే కామిక్స్‌లో ఏముండొచ్చో పరిశీలించే సంస్థ వాళ్లు, పేజీలు చూసి ముద్ర వేసేవాళ్లు, పాత పేజీల వెనక అది తరచుగా కనిపిస్తుంది. అచ్చయిన పుస్తకాన్ని పక్కన పెట్టుకుని గీత గీతా పోల్చి చూడు. అసలు పేజీలో అచ్చులో లేనివి ఉండాలి: తెల్లరంగు మచ్చలు, ఇంకు కింద పెన్సిల్ జాడలు, గడి దాటి పోయిన గీతలు. అచ్చుకీ దీనికీ అక్షరం తేడా లేకుండా మరీ శుభ్రంగా ఉందంటే అచ్చు చూసి గీసినదేమో అని అనుమానించాలి. కొలత కూడా అడుగు. 1960ల చివరి నుంచి అమెరికన్ పేజీల బోర్డు సాధారణంగా 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు, అంతకు ముందువి ఇంకా పెద్దవి. వివరణలో రీక్రియేషన్ (పాత బొమ్మని మళ్లీ గీసినది) అనో కమిషన్ (ఎవరో అడిగితే గీసి ఇచ్చినది) అనో ఉంటే అది పుస్తకం కోసం గీసిన పేజీ కాదని అర్థం, వాటి విలువ వేరు.

ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉండేదో కూడా అడగాలి, మొహమాటపడకు. 1970ల దాకా అక్కడి పెద్ద ప్రచురణ సంస్థలు సాధారణంగా పేజీలను గీసినవాళ్లకు తిరిగి ఇచ్చేవి కావు, కొన్ని చెత్తలోకి పోయాయి, కొన్ని ఎవరెవరికో పంచేశారు, కొన్ని దొంగతనంగా బయటికి వచ్చాయి. జాక్ కిర్బీ అంతటి పెద్ద చిత్రకారుడు మార్వెల్ అనే కామిక్స్ సంస్థకి వేల పేజీలు గీస్తే, ఏళ్ల తరబడి గొడవ పడ్డాక 1987లో ఆయనకి తిరిగి వచ్చినవి సుమారు 2000. స్టీవ్ డిట్కో గీసిన స్పైడర్‌మాన్ మొట్టమొదటి కథ ఉన్న సంచిక పేజీలు 24 ఉంటే, 2008లో ఎవరో పేరు చెప్పకుండా వాటిని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేశారు. అమ్ముకుంటే ఎంత వచ్చేదో ఊహించు. ఆ మనిషి ఎవరో తెలియకపోయినా ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

ధర దగ్గరికి వద్దాం. వార్తల్లో వచ్చే అంకెలు చూసి బెదరకు, ఆశా పడకు. సీక్రెట్ వార్స్ అనే కామిక్ 8వ సంచికలో స్పైడర్‌మాన్ నల్ల దుస్తుల పేజీ ఒకటి 2022 జనవరిలో 33 లక్షల డాలర్లు దాటింది. అంతకు ఏడాది ముందు, బెల్జియం చిత్రకారుడు హెర్జె 1936లో తన టిన్‌టిన్ బొమ్మల కథ కోసం గీసిన ముఖచిత్రం పారిస్‌లో దాదాపు 32 లక్షల యూరోలకి పోయింది, మడతల గుర్తులు ఉండి కూడా. అవి వేరే లోకం, మనం పాడేది వాటితో పోలిస్తే చిల్లర. కానీ లెక్క మాత్రం అందరికీ ఒకటే, తెర మీద కనిపించే పాట నువ్వు కట్టే డబ్బు కాదు. దాని మీద వేలం సంస్థ బయ్యర్స్ ప్రీమియం అని కొనేవాళ్ల దగ్గర అదనపు రుసుము వేస్తుంది, 20 శాతం చుట్టుపక్కల, కొన్ని చోట్ల 25 కూడా దాటుతుంది. నువ్వు మొత్తం 1000 పెట్టగలవనుకో. పాట 700 దగ్గర ఆగితే ప్రీమియం 140 కలిసి 840. పన్ను, ప్యాకింగ్, కొరియర్, ఇన్సూరెన్స్, దిగుమతి సుంకం, డబ్బు పంపినందుకు బ్యాంకు తీసుకునేది, ఇవన్నీ మిగిలిన 160లో తేలాలి. తేలవనుకుంటే పాట 650 దగ్గరే ఆపాలి. ఈ అంకె వేలానికి ముందు రోజు కాగితం మీద రాసుకుని ఆ గరిష్ఠ మొత్తాన్ని ముందే సిస్టమ్‌లో పెట్టేయ్, నీ తరఫున అవసరమైనంత వరకే అది పాడుతుంది. చివరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు పొడిగించే వేలాలు ఉంటాయి, అక్కడ కూర్చుని చూస్తుంటే ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనిపించి చెయ్యి ఆగదు. పోతే పోనీ. ఆయన చాలా పేజీలు గీశాడు, ఇంకోటి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పాట పాడటానికి ముందే వాళ్లకి ఈమెయిల్ రాయి. మీరే ప్యాక్ చేసి పంపుతారా, లేక బయటి షిప్పర్‌ని నేనే పెట్టుకోవాలా, మా దేశానికి పంపుతారా, ఎంతవుతుంది, డబ్బు కట్టాక ఎన్ని రోజుల్లో తీసుకెళ్లాలి, ఆలస్యమైతే గోదాము అద్దె వేస్తారా? వీటికి సరిగా జవాబు చెప్పని చోట నువ్వు పాడొద్దు, ఎంత మంచి పేజీ అయినా సరే.

ప్యాకింగ్ ఎలా ఉండాలో కూడా నువ్వే రాసి పంపు, వాళ్లకి తెలుసులే అనుకోవద్దు. పేజీ పడుకోబెట్టినట్టే రావాలి, చుట్టకూడదు, మడవకూడదు. ముందు పాలియెస్టర్ కవర్‌లో పెట్టాలి, మైలార్ అంటారు చూడు, అది. పీవీసీ కవర్ వద్దు, రోజులు గడిచేకొద్దీ ఇంకుకి అంటుకుంటుంది. ఆ కవర్‌ని పేజీ కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దవైన గట్టి అట్టల మధ్య పెట్టాలి. అట్ట లోపల గాడులు ఉంటాయి కదా, ఒక అట్టలో నిలువుగా, రెండో దానిలో అడ్డంగా వచ్చేలా పెడితే ఏ వైపు నుంచి వంచినా వంగదు. టేపు అట్టకే వేయాలి, పేజీని తాకకూడదు, పేజీ లోపల జారి మూలలు నలగకుండా కవర్‌ని అట్టకి బిగించాలి. దాని మీద నీళ్లు దూరని ప్లాస్టిక్, ఆ తర్వాత పెట్టె, పెట్టె గోడలకీ దీనికీ మధ్య అన్ని వైపులా మెత్తటి నింపుడు. వంచవద్దు అనే స్టిక్కర్‌ని ఎవరూ చూడరు, వంచాలన్నా వంగకుండా చేయడమే మనం చేయగలిగింది. ఫ్రేమ్‌తో అమ్ముతుంటే అద్దం తీసేసి పంపమను, అద్దం పగిలితే ముందు కోసేది బొమ్మనే.

ఇన్సూరెన్స్ గురించి ఒకటి జాగ్రత్తగా చదువు. కొరియర్ ఫారంలో విలువ రాసినంత మాత్రాన ఇన్సూరెన్స్ చేసినట్టు కాదు, చేత్తో గీసిన చిత్రాలకి చాలా కొరియర్ సంస్థలు తమ బాధ్యతని చాలా చిన్న మొత్తానికి పరిమితం చేసుకుంటాయి, నువ్వు ఎంత విలువ రాసినా సరే. నేను దెబ్బతిన్న చోట్లలో ఇదొకటి. వేలం సంస్థకి సొంత రవాణా ఇన్సూరెన్స్ ఉందా, అది నీ చేతికి వచ్చేదాకా వర్తిస్తుందా అడుగు, లేకపోతే విడిగా తీసుకో. పేజీ ఖరీదులో అది చిన్న భాగం.

కస్టమ్స్ కాగితాల్లో కామిక్ అని మాత్రమే రాస్తే అచ్చు పుస్తకం అనుకుంటారు, ఆ తర్వాత విలువ చూసి ఆపేస్తారు. చేత్తో గీసిన అసలు చిత్రం, ఇంకు, బోర్డు మీద, అని స్పష్టంగా రాయించు. 200కు పైగా దేశాలూ ప్రాంతాలూ వాడే, సరుకులకి కస్టమ్స్ నంబర్లు ఇచ్చే హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో చేత్తో వేసిన చిత్రాలు 9701 కింద వస్తాయి, అచ్చు పుస్తకాలవి వేరే నంబర్లు. ఏ దేశంలో ఎంత సుంకమో వేర్వేరుగా ఉంటుంది, అది నువ్వుండే చోట కస్టమ్స్ వాళ్లనో ఏజెంట్‌నో ముందే అడిగి లెక్కలో కలుపుకో. ఎవరైనా గిఫ్ట్ అని రాసి తక్కువ విలువ వేద్దామంటే ఒప్పుకోకు. అది తప్పు, పైగా పేజీ పోతే ఆ రాసిన విలువే వస్తుంది.

పార్శిల్ వచ్చే రోజు ఇంట్లో నువ్వే ఉండి సంతకం పెట్టు. తెరిచే ముందు ఆరు వైపులా ఫోటోలు తీసి, తెరుస్తున్నంత సేపూ వీడియో తియ్యి. బయట బాగా చలిగానో తేమగానో ఉంటే ఒక రోజు అలాగే గదిలో ఉంచి ఆ తర్వాతే తెరువు, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. కత్తి లోతుగా దింపకు. ప్యాకింగ్ ఒక్క ముక్క కూడా పారేయకు, ఏదైనా దెబ్బ కనిపిస్తే ఆ రోజే రాసి పంపు. ఆ పేజీ నీదైనా దాన్ని అచ్చు వేసి అమ్మే హక్కు నీకు రాదు, అది గుర్తుంచుకో, గోడకి పెట్టుకుని చూసుకోవడానికే మనం కొనేది. ఎండ పడని గోడకి.

వేలం సంస్థకి రాయాల్సిన ఈమెయిల్ ఒకటి తయారుచేసి పంపుతున్నాను, నీ మాటల్లోకి మార్చుకో. వీలైతే ఈ వారంలోనే పంపు, వెనక వైపు ఫోటో రాగానే నాకూ పంపు.

తెరిచే రోజు మాత్రం నాకు వీడియో కాల్ చెయ్యి. మూడో వరుసలో ఎడమ చివర, ఆ పిల్లాడి చొక్కా చేతి దగ్గర, ఆయన పెన్సిల్‌తో ఒకలా గీసి ఇంకుతో ఇంకోలా మార్చాడు, స్కాన్‌లో సగమే తెలుస్తోంది. లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని నాకు చూపించు.

నాన్న