అటక మీది పెట్టె

ముక్తేశ్వరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జికి, అమ్మ ఆశీస్సులు.

నిన్న నీతో ఫోనులో మాట్లాడినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. లాప్‌టాప్ మొరాయిస్తోందనీ, విండోస్ మళ్ళీ వేయించాలని షాపు అబ్బాయి అన్నాడనీ, పరీక్షలు కాగానే ఇచ్చేస్తాననీ చెప్పావు. అందులో డిస్కును ఎన్ని డ్రైవులుగా, అంటే ఎన్ని భాగాలుగా, విడదీశారని అడిగితే “ఒక్క సి డ్రైవే అమ్మా” అన్నావు. రెండేళ్ళుగా రాసిందంతా డెస్క్‌టాప్ మీదే ఉందన్నావు. ముందు ఆ డిస్కును రెండుగా విడదీసి నీ రాతలకు వేరే చోటు చెయ్యాలి. ఈ ఉత్తరం చదివేదాకా ఆ లాప్‌టాప్ ఎవరి చేతికీ ఇవ్వకు తల్లీ.

1986 ఆగస్టు వరద గురించి నీకు ఎన్నోసార్లు చెప్పాను. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిన వరద అది. నాకప్పుడు పన్నెండేళ్ళు. గోదావరి లంకలో మా ఇంట్లో అందరూ బియ్యం బస్తాలు మంచాల మీదికి ఎత్తుతుంటే, మీ తాతయ్య ముందుగా దస్తావేజులు, పాసు పుస్తకాలు ఉన్న ట్రంకు పెట్టెను అటక మీదికి చేర్చారు. తర్వాతే మమ్మల్ని తీసుకుని ఏటిగట్టు మీదికి వచ్చారు. నీళ్ళు తీశాక తిరిగి వెళ్తే గదుల్లో మోకాలి లోతు ఒండ్రు. దాన్ని పారలతో ఎత్తిపోశాం, గోడలకు మళ్ళీ సున్నం కొట్టించాం, మట్టి నేల మెత్తి అలికాం. పెట్టె మాత్రం అటక మీద పొడిగా ఉంది.

నీ లాప్‌టాప్‌లో ఇప్పుడు అటక లేదు. విండోస్, దాని ప్రోగ్రాములు, నీ రాతలు, ఫోటోలు అన్నీ ఒకే నేల మీద ఉన్నాయి. షాపులో విండోస్ మళ్ళీ వెయ్యడమంటే చాలాసార్లు ఆ నేల కడగడమే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వేరు వేరు చోట్ల ఉన్నట్టు కనిపిస్తాయి కానీ మూడూ సి డ్రైవ్‌లో నీ పేరున్న ఫోల్డరులోనే ఉంటాయి. ఈ సంగతి 2014లో నాకు తెలియదు. మన పాత లాప్‌టాప్ తెరుచుకోకపోతే టౌనులో ఒక షాపులో ఇచ్చాను. సి డ్రైవ్ ఫార్మాట్ చేసి, అంటే అంతా చెరిపేసి, కొత్త విండోస్ వేసి, సాయంత్రానికి తిరిగి ఇచ్చారు. మీ అమ్మమ్మ దంపుళ్ళ పాటలు పదకొండు, డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరులో ఉండేవి. వాటిలో ఒకదానిలో పాట మధ్యలో ఆగి “పొయ్యి మీద పాలు చూడవే” అని నన్ను కేకేస్తుంది. ఆ గొంతు మళ్ళీ వినే దారి లేదు నాకు. ఏమేం ఉంచాలని వాళ్ళు అడగలేదు, చెప్పాలని నాకు తోచలేదు.

అందుకే సి ని తగ్గించి, పక్కన డి అనే అటక కట్టే ఈ పని, నీకు చెప్పే ముందు పోయిన వారం నా లాప్‌టాప్ మీద నేనే చేసి చూశాను. నీది కూడా అలాంటిదే, 512 జీబీ. కంపెనీ వాళ్ళు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అందుకే తెర మీద 476 జీబీ అని చూపిస్తుంది. ఏదో పోయిందని కంగారు పడకు.

అన్నిటికంటే ముందు, ఈ ఉత్తరంతో పంపుతున్న చిన్న డిస్కులోకి నీ ఫైళ్ళన్నీ కాపీ చెయ్యి. నాలుగైదు తెరిచి చూసి, సరిగ్గా వచ్చాయనుకున్నాకే మిగతా పని. ఛార్జర్ తగిలించే ఉంచు, మధ్యలో ఆగకూడని పని ఇది. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ చాలాసార్లు మనకు తెలియకుండానే పని చేస్తూ ఉంటుంది. దాని రికవరీ కీ 48 అంకెలు. అది నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో చూసి కాగితం మీద రాసుకో, పని అయ్యేదాకా బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి ఉంచు. కొత్తగా చేసే డ్రైవ్‌కు కూడా తాళం పడితే దాని కీ వేరు, అదీ రాసుకో. విండోస్ మార్చాక ఆ కీ లేకపోతే నీ డ్రైవ్ నీకే తెరుచుకోదు.

తర్వాత స్టార్ట్ బటన్ మీద మౌసు కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. కింద పొడవాటి పట్టీలో నీ డిస్కు కనిపిస్తుంది, సి డ్రైవ్ నెత్తిన నీలం గీత ఉంటుంది. దాని పక్కన ఇ.ఎఫ్.ఐ. అని ఒకటి, రికవరీ అని ఒకటి చిన్న చిన్న ముక్కలుంటాయి. వాటి జోలికి వెళ్ళకు, లాప్‌టాప్ లేచేది మొదటిదాని వల్ల, విండోస్ చెడితే బాగుచేసుకునేది రెండోదానితో. సి మీద కుడి బటన్ నొక్కి ష్రింక్ వాల్యూమ్ (డ్రైవ్‌ను కుదించడం) అను. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. 320 జీబీ విడదీయాలంటే 320ని 1024తో హెచ్చించి 3,27,680 అని వెయ్యాలి. సి కి దాదాపు 156 జీబీ మిగులుతుంది. విండోస్‌కు, ప్రోగ్రాములకు, అప్‌డేట్లకు అది చాలు.

నేను ఆగిపోయింది ఇక్కడే. డిస్కులో సగానికి పైగా ఖాళీ ఉన్నా రెండు లక్షల ఎంబీకి మించి ఇవ్వనంది. కదలని ఫైళ్ళు కొన్ని మధ్యలో కూర్చుంటాయట. లాప్‌టాప్ నిద్రపోయేటప్పుడు చేస్తున్న పనిని దాచుకునే హైబర్నేషన్ ఫైలు, మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు అలాంటివి. రెండూ ఆపి, లాప్‌టాప్ తిరిగి ఆన్ చేసి మళ్ళీ అడిగితే ఇచ్చింది. పని అయ్యాక పేజ్ ఫైలును మళ్ళీ పెట్టాను, నువ్వూ మరిచిపోకు.

విడిపోయిన జాగా మీద నల్ల గీత వస్తుంది. అక్కడ, ఆ ఒక్కచోటే, న్యూ సింపుల్ వాల్యూమ్ అని నొక్కి, డి అక్షరం ఇచ్చి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చెయ్యి. తర్వాత డాక్యుమెంట్స్ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే చోట దాన్ని డి లోకి మార్చు, డెస్క్‌టాప్‌నూ అలాగే. అవి మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటే ముందు ఆ ముడి విప్పు. మార్చడం మరిచిపోతే డి ఖాళీగా పడి ఉంటుంది, నీ రాతలు మళ్ళీ సి లోకే చేరతాయి.

కొలత మాత్రం మొదటే ఆలోచించి వెయ్యి. సి తర్వాత ఇరుకైతే డి లోంచి కొంత తీసి ఇవ్వడం ఈ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కుదరదు. డి ని తగ్గిస్తే దాని చివర ఖాళీ అవుతుంది, సి పెరగాలంటే ఖాళీ దాని పక్కనే కుడివైపు ఉండాలి. పక్క చెక్క మనదైతేనే కదా గట్టు జరుపుతాం.

ఇంత చేస్తే లాప్‌టాప్ వేగం పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకు, దీనికీ వేగానికీ సంబంధం లేదు. షాపు అబ్బాయితో మాత్రం “సి ఒక్కటే ఫార్మాట్ చెయ్యి, డి ముట్టుకోవద్దు” అని ఎదురుగా నిలబడి చెప్పు. నువ్వే రీసెట్ చేసుకుంటూ అన్నీ తీసెయ్యమంటే, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటేనా, అన్ని డ్రైవులా అని అడుగుతుంది. ఒక్కటే అని ఎంచుకో.

ఇంకో సంగతి ఉంది బుజ్జీ. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు ఆ ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. వరద కింది నుంచి వచ్చింది, తుఫాను పై నుంచి వచ్చింది. అటక మీద పెట్టె నిండా నీళ్ళు. నా పెళ్ళి ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే బొమ్మలు ఊడి వచ్చాయి. దస్తావేజులు అంతకు ముందే అమలాపురంలో మామయ్య ఇంటికి చేర్చడం వల్ల దక్కాయి. సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. ఆ డిస్కు చెడినా, లాప్‌టాప్ దొంగలు ఎత్తుకుపోయినా రెండూ పోతాయి. అందుకే ఈ చిన్న డిస్కును లాప్‌టాప్ సంచిలో పెట్టకు. మీ గదిలో కూడా వద్దు, పిన్ని వాళ్ళ ఇంట్లో ఉంచు. ఆదివారం భోజనానికి వెళ్ళినప్పుడల్లా కొత్తగా రాసింది అందులోకి ఎక్కించుకుని రా.

డిస్కును నీ పాత చున్నీలో చుట్టాను. మీ నాన్న ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకులు పైన డబ్బాలో ఉన్నాయి, కట్ట విప్పగానే వాటిని ముందు పక్కకు తీసిపెట్టు, నలిగిపోతాయి. పని మొదలుపెట్టే రోజు నాకు ఫోను చెయ్యి. 3,27,680 వేసి ష్రింక్ నొక్కేటప్పుడు నేను లైనులో ఉంటాను.

మీ అమ్మ