మా ఆయన్ని ఉస్తాద్‌గానే ఉంచిన అందరికీ

మా ఆయన సంగతి తెలిసి ఫోన్లు చేసినవాళ్ళకు, ఇంటిదాకా వచ్చినవాళ్ళకు విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కడుపులో మొదలైన క్యాన్సర్ లివర్‌కు పాకింది. నాలుగో స్టేజి. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, కీమోతో కొంతకాలం అదుపులో పెట్టగలమని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పలేదు, ఆయన ముందే చెప్పింది. ఆమెకు మొదటి దండం. అంతకుముందు ఇంకోచోట గ్యాస్ట్రిక్ మందులతో చాలా రోజులు గడిచిపోయాయి. ఆ ముచ్చట ఇప్పుడు వద్దు.

ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్ర తమ్ముడికి కృతజ్ఞతలు. ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వస్తుందని వినడమే గానీ ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో మాకేం తెలుసు? బయాప్సీ రిపోర్టు నుంచి ఆధార్ జిరాక్సు దాకా అన్నీ తనే వరుసగా పెట్టించాడు. కాజీపేట స్టేషన్ కౌంటర్లో ఉన్న అన్న రైలు రాయితీ సంగతి చెప్పాడు. క్యాన్సర్ రోగికి చికిత్సకు వెళ్ళేటప్పుడు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన ఫారం ఉండాలి. మాలాంటి వాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి.

ఇక మా మోటార్ వైండింగ్ షాపు. అసలు ఈ పోస్టు రాస్తున్నదే దాని కోసం. యాసంగిలో ఊళ్ళ నుంచి కాలిపోయిన మోటార్లు బండ్ల మీద వచ్చి పడతాయి. ఆయన మంచాన పడ్డాక షాపు మూసేద్దామనే అనుకున్నాం. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఒప్పుకోలేదు. పొద్దున్నే షట్టర్ ఎత్తుతారు, రాత్రి లెక్క తెచ్చి ఆయన చేతిలోనే పెడతారు. ఒకరోజు హసన్‌పర్తి దిక్కు బాయి మోటరు చూడబోయి, నడుస్తున్న మోటరు దగ్గర ఫోన్ పెట్టి "ఉస్తాద్, జర ఇను" అన్నాడు చిన్నోడు. ఈయన కళ్ళు మూసుకుని విన్నారు. "వైండింగ్ మంచిగనే ఉన్నది, బేరింగ్ పోయిందిరా. ఊకె విప్పకు" అన్నారు. విప్పకుండా బేరింగ్ ఎట్ల మారుస్తం ఉస్తాద్ అని వాడు నవ్వాడు, ఈయన తిట్టారు. కీమో మొదలయ్యాక ఆయన ఎవర్నైనా తిట్టడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆయన ముఖం చూసి నాతోనే మాట్లాడేవారు. తిన్నాడా, పడుకున్నాడా అని నన్నే అడిగేవారు, ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నా. ఆ పిల్లలు మాత్రం ఆయన్నే అడుగుతారు, అదీ పని గురించి.

నొప్పి ఎక్కువైనప్పుడు, నయం కాని జబ్బులవాళ్ళను ఇంటి దగ్గరే చూసుకునే సర్కారు 'ఆలన' బండిలో వచ్చే నర్సు అక్క లేకపోతే మేం ఆగమయ్యేవాళ్ళం. మార్ఫిన్ అంటే మత్తుమందని, అలవాటైపోతుందని చుట్టాలు భయపెట్టారు. "నొప్పి వచ్చినంక కాదమ్మా, టైం ప్రకారం వెయ్యాలె" అని ఆమె నాలుగు గంటలకోసారి వేసే మాత్రల చీటీ గోడకు అతికించింది. మలబద్ధకం రాకుండా దానికి వేరే మందు తప్పకుండా ఉండాలని కూడా ఆమే చెప్పింది. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. నేనూ పడుకుంటున్నాను.

పక్కింటి వదిన రోజూ జావ కాచి పంపుతుంది, గిన్నె వాపసు ఇస్తే మాత్రం కోపం. ఇంట్లో ఉన్న సామాన్లలో సగం ఆమెవే.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆకుపసర్లు, ఏదో ఊళ్ళో నయమైందన్న వీడియోలు దయచేసి పంపకండి. చూసిన ప్రతిసారీ ఆయనకు ఆశ, నాకు టెన్షన్. రావాలనుకుంటే కీమో అయిన వారం వదిలేసి, సాయంత్రం రండి. జలుబు, దగ్గు ఉంటే తగ్గాక రండి. కాలిపోయిన మోటరు ఉంటే షాపులో ఇచ్చి రండి, ఏం కాలిందో ఆయనకే చెప్పండి.